తొట్టి పక్కన ఇనప కమ్మీ

ప్రాక్టికల్ పరీక్షల మధ్యలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "మామ పోయినాడు పాపా," అని ఒక్క మాటే చెప్పింది. ఐరాలలో పొద్దున్నే కాఫీ తాగి, షాపు తాళంచెవి చేతిలోకి తీసుకుని, వసారాలో బల్ల మీద కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదట. నా ఎదురుగా ఒక విద్యార్థిని మీటరు పట్టుకుని నిలబడి ఉంది. "మేడం, రీడింగ్ సున్నా వస్తోంది. తప్పు చేశానా?" అని అడుగుతోంది. ఆ ప్రశ్నకు జవాబు నాకు నేర్పిన మనిషే పోయాడు. ఆ అమ్మాయికి ఏం చెప్పానో గుర్తులేదు.

మామ అంటే అమ్మకు తమ్ముడు. కాణిపాకం వెళ్ళే రోడ్డు పక్కన బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఆయనది. కాలిపోయిన మోటారు విప్పడం, మాడిన తీగ పీకడం, కొత్త రాగి తీగ చుట్టి వార్నిష్ పోసి ఎండబెట్టడం ఆయన పని. చదువు పదో తరగతితో ఆగిపోయింది. నేనేమో తిరుపతిలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మేమిద్దరం వాదించుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

కొన్నేళ్ళ కిందట ఆయన ఫోన్లోకి ఆ వీడియోలు వచ్చాయి. ఎవరో రాగి తీగ చుట్టిన గొట్టం పక్కన అయస్కాంతం పెడతాడు. బ్యాటరీ దానంతటదే నిండుతుంది. బల్బు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. దాన్ని ఫ్రీ ఎనర్జీ అంటారు. చూసినవాళ్ళలో కొందరు నమ్మి ఊరుకుంటారు, నాలాంటివాళ్ళు నవ్వి ఊరుకుంటారు. మామ ఊరుకోలేదు. "తీగ నాకాడ ఉండాది. సుట్టేది నాకు తెలుసు. సుట్టి సూస్తే పోలా?" అన్నాడు.

ప్లాస్టిక్ పైపు ముక్కల మీద తీగ చుట్టి కాయిళ్ళు చేయడం మొదలుపెట్టాడు. ఒక బ్యాటరీ నుంచి కాయిలుకు కరెంటు, కాయిలు నుంచి రెండో బ్యాటరీకి. రెండోది నిండితే దాన్ని మొదటిదాని చోట పెట్టడం. ఒకరోజు ఫోన్లో అరిచినట్టే చెప్పాడు: "పాపా, పెరిగింది! మీటరు జాస్తి సూపిస్తా ఉండాది." ఆదివారం బస్సెక్కి వెళ్ళి చూశాను. షాపు నిండా మోటార్ల కోసం వచ్చిన రైతులు. వాళ్ళ ముందే అనేశాను. "అలిసిపోయినోడు కాసేపు కూసుంటే లేచి నిలబడతాడు మామా. అంతమాత్రాన మూట మోస్తాడా? బ్యాటరీని వదిలేస్తే వోల్టులు అట్లనే పైకొచ్చినట్టు కనిపిస్తాయి. బల్బు తగిలించి ఎంతసేపు వెలుగుతాదో సూడు." అందరూ నవ్వారు. నాకు నోటి దురుసు ఎక్కువ, ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

మామ చిన్నబుచ్చుకుంటాడేమో అనుకున్నాను. ఆయన అప్పుడే లేచి పాత స్కూటరు బల్బు ఒకటి వెతికి తెచ్చాడు, పక్కన టేబుల్ గడియారం పెట్టాడు. ఆ రోజు నుంచి ఏ కాయిలు చుట్టినా చివర బల్బు పరీక్షే. బల్బు వెలిగినంతసేపు కూర్చుని, ఆరిపోయిన నిమిషం నోటుబుక్కులో రాసేవాడు. ప్రతిసారీ ముందుసారి కంటే తక్కువే వచ్చేది. "ఊర్లో మొగుళ్ళు పేకాడతారు, ఈయన బల్బు ఆరిపోయేది సూస్తా కూసుంటాడు," అనేది మా అత్త. "ఏదో ఒగటి, కంటి ముందర ఉంటాడు," అని మళ్ళీ ఆవిడే సర్ది చెప్పుకునేది.

అంకెలు వెలిగే కొత్త మీటరు ఒకటి తీసుకెళ్ళి ఇచ్చాను. దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాడు. ముల్లు ఊగే పాత మీటరే ఆయనకు ఇష్టం. "అంకె టక్కుమని చెప్పేస్తాది. ముల్లయితే వస్తా వస్తా చెప్తాది. మనం గూడా కొంచెం ఆలోచన చేసుకోవచ్చు," అనేవాడు. ఏమీ రాని రోజు సున్నా రాసి కింద గీత కొట్టేవాడు. అలాంటి పేజీ చూసి, "దీన్ని రాసేదెందుకు మామా?" అని ఒకసారి అడిగాను. "సున్నా గూడా కొలతే పాపా. కొలిచినాం గదా," అన్నాడు. ఆ మాట నేను ఇప్పటికీ ప్రతి ఏడాదీ క్లాసులో చెబుతాను, ఎవరిదో మాత్రం చెప్పేదాన్ని కాదు. అందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

రెండేళ్ళ కిందట ఆయన భూమిలోంచి కరెంటు తీస్తానని బయలుదేరాడు. షాపు గోడ పక్కన ఒక ఇనప కమ్మీ దిగ్గొట్టాడు. షాపు వెనక ఉన్న చిన్న పొలం, ఆ కయ్య, పాలామెది. ఆమె రెండు ఆవుల్ని పెట్టుకుని పాలు పోసుకునే మనిషి. ఆమె బోరు దగ్గర నీళ్ళ తొట్టి పక్కన రెండో కమ్మీ పాతాడు. అక్కడ నేల ఎప్పుడూ తడిగా ఉంటుందని ఆ చోటు ఎంచుకున్నాడు. రెండు కమ్మీల మధ్య తన కాయిలు, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడు, దాని తర్వాత బ్యాటరీ. పొద్దున తగిలించి మధ్యాహ్నం బల్బు పెట్టాడు. బల్బు ఆరలేదు. ఎప్పుడూ ఆరే సమయం దాటి, ఇంకా ఎంతోసేపు వెలిగింది.

వారం తిరిగేసరికి ఊరంతా పాకింది. ఎవరో వీడియో తీసి పెట్టారు. పులికాట్ సరస్సు వైపు నుంచి ఒక జాలరి, పడవలో దీపానికి ఇట్లాంటిది కావాలని బస్సుల్లో మారి మారి వచ్చాడు. నేను మళ్ళీ వెళ్ళాను, ఈసారి నవ్వడానికి కాదు. తీగలన్నీ విప్పించాను. బ్యాటరీ మార్చాను. కాయిలు మార్చాను. అయినా ముల్లు లేచి నిలబడింది. ఇన్నేళ్ళు నేను చెప్పిన పాఠం ఒకవైపు, మా మామ ముఖం ఒకవైపు. నిజం చెప్పాలంటే, ఒక్క నిమిషం ఆయనే గెలవాలని అనుకున్నాను.

"ఎక్కడో ఏదో ఉంది మామా. నాకు కనబడలేదు," అన్నాను.

"కనబడేదాకా కూసో," అన్నాడు. గొప్పలకు పోలేదు. ఆయనకూ అనుమానంగానే ఉందని అప్పుడు అర్థమైంది.

మీటరు మధ్యలో పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. మధ్యాహ్నం వెనక కయ్యలో బోరు మోటారు ఆగింది, వ్యవసాయానికి ఇచ్చే కరెంటు టైం అయిపోయింది. అదే క్షణంలో మా ముల్లు సున్నాకు పడిపోయింది. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అంతలో పాలామె ఆవుల్ని తొట్టి దగ్గరికి తోలుకొచ్చింది. అవి ఆబగా తాగుతున్నాయి.

"ఏందన్నా అట్ల సూస్తా ఉండావు? ఇవి ఇప్పుడు తాగితేనే. పొద్దున ఎంత తోలినా తొట్టికి మూతి పెట్టవు. దిష్టి తగిలిందని మిరపకాయలు గూడా తిప్పేసినా," అంది.

మామ లేచి నిలబడ్డాడు. "అమ్మా, ఎప్పట్నించి తాగడంలేదు?" అని అడిగాడు. ఎండాకాలంలో మోటారు బాగుచేసి దించినప్పటి నుంచని ఆమె చెప్పింది. "ఈ తొట్టి ముట్టుకోవద్దు. నేను చెప్పేదాకా మోటారు ఎయ్యొద్దు," అని తనే వెళ్ళి ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు కరెంటు రాగానే అందర్నీ దూరంగా నిలబెట్టి, ఒక్క నిమిషం మోటారు వేయించాడు. మీటరు తీగ ఒకటి తొట్టి నీళ్ళలో, ఇంకొకటి దూరంగా మట్టిలో. ముల్లు పైకి లేచింది. వెంటనే మోటారు ఆపించి, ఫ్యూజు పీకి, తొట్టి పక్కన తనే తవ్వాడు. స్టార్టరు నుంచి బోరులోకి వెళ్ళే కేబులుకు మట్టిలో ఒక అతుకు ఉంది. దానికి చుట్టిన టేపు నాని ఊడిపోయి, రాగి బయటపడి ఉంది. మోటారు నడిచినంతసేపూ కరెంటు ఆ తడి నేలలోకి దిగుతోంది. మా కాయిలు పట్టుకున్నది ఆ కరెంటునే. ఆవులు నీళ్ళలో పసిగట్టిందీ దాన్నే. ఇంకో వాన పడి ఉంటే, పాలామె వట్టి కాళ్ళతో ఆ బురదలో నిలబడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

"ఈ అతుకు ఎవరు వేసినారు మామా?" అని అడిగాను.

"నేనే," అన్నాడు. పైరు ఎండిపోతోందని అందరూ తొందరపెట్టిన రోజున ఒక చుట్టు టేపుతో సరిపెట్టి, మట్టి కప్పేశాడట.

ఆయన ఆ సంగతి నా ఒక్కదానికి చెప్పి ఊరుకోవచ్చు. అతుకు బాగుచేసి, కాయిలు పాడైందని చెప్పినా ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఆయన మాత్రం, ముందు వీడియో తీసిన వాళ్ళనే మళ్ళీ పిలిపించి, ఆ ఊడిన కేబులు చేత్తో పట్టుకుని చెప్పాడు: "నాకు దొరికింది ఊరికే వచ్చే కరెంటు గాదు. నా తప్పు దొరికింది. మీ ఇండ్లకాడ పశువులు నీళ్ళు తాగకపోతే నాకు చెప్పండి, వచ్చి సూస్తా." ఈ వీడియోను ఎక్కువమంది చూడలేదు. పాలామె కాసేపు తిట్టింది. సాయంత్రం చెంబుతో పాలు తెచ్చి అత్తకిచ్చింది. పులికాట్ జాలరికి చెప్పడమే ఆయనకు కష్టమైంది. అతను మళ్ళీ వచ్చినప్పుడు కూర్చోబెట్టి అన్నం పెట్టి, ఉన్న బ్యాటరీ ఎక్కువ కాలం వచ్చేలా ఎట్లా చూసుకోవాలో నేర్పి పంపాడు.

ఇక మానేస్తాడని అనుకున్నాను. వారం తిరక్కుండానే, అతుకు బాగుచేసిన ఆ తొట్టి దగ్గరే, కమ్మీలు పీకకుండా మళ్ళీ మొదలుపెట్టాడు. "ఇప్పుడు నేల శుభ్రంగా ఉండాది పాపా. ఇప్పుడు వస్తే నిజంగా వచ్చినట్టే," అన్నాడు. వాడుకలో లేని ఫ్యాను తీగతో కొత్త కాయిలు చుట్టానని, వచ్చి చూడమని, పోయే ముందు వారం ఫోన్ చేశాడు. పరీక్షలు అయ్యాక వస్తానన్నాను. వెళ్ళి ఉండాల్సింది. ఈ ఒక్క ముక్క ఎన్ని రకాలుగా సర్దుకున్నా సర్దుకోవడం లేదు.

పదకొండో రోజు కార్యం అయ్యాక, చుట్టాలు భోజనాల దగ్గర ఉండగా, షాపు తాళం తీశాను. బల్ల మీద కొత్త కాయిలు, స్కూటరు బల్బు, ఆగిపోయిన టేబుల్ గడియారం ఉన్నాయి. పాత మీటరు తీసుకుని వెనక్కి వెళ్ళాను. కరెంటు ఉన్న టైమే, బోరు మోటారు నడుస్తోంది, తొట్టిలోకి నీళ్ళు పడుతున్నాయి. రెండు కమ్మీలకూ తీగలు తగిలించి, ఆయన చూసినట్టే ముల్లు వంక చూస్తూ కూర్చున్నాను. అది కదలలేదు. పాలామె ఆవు నా పక్క నుంచే వచ్చి, మోటారు నడుస్తుండగానే, తొట్టిలో మూతి ముంచి గుటకలు వేస్తూ తాగింది. నేను నోటుబుక్కు తెరిచి, మామ చివరి పేజీ కింద సున్నా రాసి గీత కొట్టాను.