బొట్టు పెట్టిన ట్రయల్ బండి

మొన్న వికారాబాద్‌లో కారు చూడ్డానికి వెళ్లి, ట్రయల్ కోసమని స్టీరింగు ముందు కూర్చున్నానో లేదో, అద్దం దగ్గర వేలాడదీసిన సెంటుబుడ్డిలోంచి నిమ్మకాయ వాసన గుప్పున కొట్టింది. షోరూం అమ్మాయి అప్పటికే నా లైసెన్సుకి ఫోటో తీసుకుని, రెండు కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, పక్క సీట్లో కూర్చుని బెల్టు కూడా పెట్టేసుకుంది. "గీత వడ్డా ఇన్సూరెన్స్ ఉంటది మేడం, ఫికర్ జేయకుండ్రి" అంది. వెనక సీట్లో మా అమ్మాయి అన్ని బటన్లూ నొక్కి చూస్తోంది. నేను మాత్రం కిటికీ అద్దం దించాను. మనది కాని బండిలో నిమ్మకాయ వాసన తగిలితే నాకు ఇప్పటికీ దిగిపోవాలనిపిస్తుంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మేం తాండూరులో ఉండేవాళ్లం. చలికాలంలో ఆ ఊరికి రెండే రంగులు, నాపరాళ్ల పాలిషింగ్ మిషన్ల నుంచి కాలువల్లోకి పారే బండల బూడిద నీళ్లదొకటి, గంజ్ మార్కెట్లో కుప్పలు పోసిన ఎర్ర కందులదొకటి. ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చి కందికాయలు ఒళ్లో పోసుకుని, అరుగు బండ మీద బొగ్గుతో గీసిన గళ్లల్లో అష్టాచెమ్మ ఆడుతూ, తొక్కలు గాలికెగిరిపోతుంటే నాయనమ్మ తిట్లు తింటూ మా సాయంత్రాలు గడిచేవి. నాయనమ్మకు ఒక పట్టింపు ఉండేది. ఇంట్లోకి ఏ వస్తువొచ్చినా బొట్టు పెట్టందే వాడనిచ్చేది కాదు. కుట్టుమిషనుకూ, కుక్కరుకూ, చివరికి నా బడిసంచికీ నూనెలో కలిపిన కుంకుమ బొట్టు పడాల్సిందే.

బాపు హైస్కూల్లో లెక్కల సారు. మా అందరికీ స్కూటరు చాలక, బండల వ్యాపారం చేసే ఖాజా చిచ్చా తన పాత తెల్ల కారు అమ్ముతున్నాడని తెలిసి ఒక శుక్రవారం నన్ను వెంటేసుకుని చూడబోయాడు. చిచ్చా తాళంచెవి బాపు చేతిలో పెట్టి, "రైల్వే గేటు దాక పోయి రా సార్, నేను నమాజుకు పోయొస్త" అని టోపీ సర్దుకుంటూ వెళ్లిపోయాడు. కాగితం లేదు, సంతకం లేదు. ఆ నమ్మకమే బాపును భయపెట్టిందనుకుంటాను. ఎక్కేముందు నా చెప్పులు విప్పించి ఒళ్లో పెట్టుకోమన్నాడు. "మంది సొమ్ము బిడ్డ, ఏం ముట్టకు" అని, దారి పొడుగునా తానూ హారన్ కొట్టలేదు.

గేటు పడింది. లారీ వెనక ఆపబోతే బ్రేకు మొదటిసారి దొరకలేదు, రెండోసారి తొక్కితే గానీ బండి నిలవలేదు. బాపు ముఖం పాలిపోయింది. "గిది మనకొద్దు బిడ్డ" అన్నాడు మెల్లగా. నాకు ఏడుపొచ్చింది. క్లాసులో సగం మందికి మా కారని అప్పటికే చెప్పేశాను.

తిరిగి వస్తుంటే ఇంజను వేడెక్కింది. నీళ్లు పోద్దామని ఇంటి ముందు ఆపి, బాపు బకెట్టు కోసం పెరట్లోకి వెళ్లాడు. నాయనమ్మ గుమ్మంలోకి వచ్చి కారునూ, అందులో దొరసానిలా కూర్చున్న నన్నూ చూసింది.

"మనదేనా బిడ్డ?"

"ఊ" అన్నాను.

ఎందుకన్నానో ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. పక్కింటి పిల్లలు చూస్తున్నారు, అంతే. నాయనమ్మ క్షణంలో పళ్లెంతో వచ్చింది. బానెట్ మీద మూడు బొట్లు పెట్టింది, ముందు టైర్ల కింద నిమ్మకాయలు సర్దింది, కొబ్బరికాయ ఎత్తి బంపరు మీద కొట్టింది. మొదటి దెబ్బకు పగల్లేదు. రెండో దెబ్బకు కాయ జారి తగిలి లైటు అద్దం పగిలింది. బకెట్టుతో వచ్చిన బాపు అక్కడే నిలబడిపోయాడు.

"అమ్మా, ఏం జేసినవే? బండి కొనలేదు గదా."

నాయనమ్మ నా వైపు చూసింది. నేను నిమ్మకాయల వైపు చూశాను. ఒక్కమాట చెబితే ఆమె మీద తప్పుండేది కాదు. "నాకు తెల్వలే కొడుకా, నాదే తప్పు" అంది.

పక్కింటాయన, లారీ మీంచి రాయి ఎగిరి తగిలిందని చెప్పండి సార్ అన్నాడు. తాండూరులో అది అందరూ నమ్మే మాటే. బాపు ఆ మాట పట్టించుకోకుండా ఇంజనులో నీళ్లు పోశాడు. ఆయన్ని పట్టుకున్న భయం వేరు. బొట్టు పెట్టి, లైటు పగలగొట్టి, ఇప్పుడు వద్దని ఏ ముఖం పెట్టుకుని అంటాడు? అనకపోతే ఆ బ్రేకుతో మమ్మల్ని ఎట్లా తిప్పుతాడు? చిచ్చా ఇంటికి బయల్దేరితే టైర్ల కింది నిమ్మకాయలు నలిగి వాసన కారంతా కమ్ముకుంది. నాయనమ్మ వెనక సీట్లో ఒళ్లో ఖాళీ పళ్లెంతో కూర్చుంది. నేను చెప్పులు గట్టిగా పట్టుకున్నాను.

చిచ్చా వాకిట్లోనే ఉన్నాడు. బాపు రెండు చేతులతో తాళంచెవి ఇచ్చి జరిగిందంతా చెప్పాడు. చిచ్చా వంగి, పగిలిన అద్దం అంచును వేలితో తడిమి లేచాడు.

"బండి నచ్చిందా సార్?" అన్నాడు. బాపు తల దించుకుంటే చిచ్చానే అన్నాడు, "నచ్చకుంటె వద్దని చెప్పు. లైటు వల్గిందని కొంటవా ఏంది?"

"బ్రేకు మెత్తగుంది భాయ్."

చిచ్చా తలూపాడు. "మంచిగ జెప్పినవ్. మా పిల్లలు గూడ గీ బండిలనే తిర్గుతరు."

ఆ ఆదివారం బాపు పగిలిన అద్దం సంచిలో పెట్టుకుని రైల్లో వికారాబాద్ వెళ్లి, సరిపోయేది వెతికి తెచ్చి దగ్గరుండి బిగించి వచ్చాడు. బొట్ల మరక మాత్రం కిరసనాయిలుతో తుడిచినా పూర్తిగా పోలేదు. ప్రతి శుక్రవారం ఆ కారు లేత ఎరుపు మచ్చలతో మసీదుకు వెళ్తుంటే నేను తలుపు వెనక్కి తప్పుకునేదాన్ని. నాయనమ్మ నా 'ఊ' సంగతి చనిపోయేదాకా ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ తర్వాత ఏ వస్తువొచ్చినా, నేను పక్కనే ఉన్నా, పళ్లెం తేబోయే ముందు బాపునే అడిగేది, మనదేనా అని. నన్ను మళ్లీ అడగలేదు.

ఇప్పుడు తాళంచెవి ఇచ్చి నమాజుకు వెళ్లిపోయేవాళ్లు లేరు. కాగితాలున్నాయి, కారులో కెమెరా ఉంది, పక్కన మనిషి ఉంది. షోరూంకి తిరిగొచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగి, వంగి లైటు అద్దం మీద వేలు రాసి చూశాను. షోరూం అమ్మాయి నవ్వింది.

"అమ్మా, మనదేనా?" అంది మా అమ్మాయి.

"మీదే అనుకోండ్రి మేడం" అంది షోరూం అమ్మాయి.

"కాదు బిడ్డ, ఇంకా కాలేదు" అన్నాను. నాయనమ్మకు చెప్పాల్సిన జవాబు అది.