అమ్మ ఎలుకలకు ముద్దలు పెట్టిన పదిహేను రోజులు

ఎలుకలకు జ్ఞాపకం ఎన్నాళ్లు నిలుస్తుందో కనిపెట్టడం నా పీహెచ్‌డీ. తొంభైల చివర్లో విరుదునగర్‌లోని ఒక కాలేజీలో పన్నెండు తెల్ల ఎలుకలతో ఈ ఘనకార్యం మొదలుపెట్టాను. ఎవరైనా అడిగితే "మెదడు మీద పరిశోధన" అని గొప్పగా చెప్పేదాన్ని. పొద్దస్తమానం చేసింది మాత్రం ఎలుకల పెంటికలు ఊడ్వడమే. మిరపకాయల గోదాముల వైపు నుంచి గాలి మళ్లితే నేనూ అవీ కలిసి తుమ్మేవాళ్లం.

పద్ధతి తేలికే. ఎనిమిది దారులున్న ఒక చెక్కపెట్టె. ఒక దారి చివర వేరుశనగ పలుకు. ఎలుకను ఇరవై రెండు గంటలు పస్తుంచి పెట్టెలో వదలాలి. దారి గుర్తుంటే తిన్నగా పరిగెత్తుతుంది, లేకపోతే అక్కడే తచ్చాడుతుంది. కడుపు మాడితేనే పరిగెత్తుతాయని పుస్తకాల్లో ఉంది కాబట్టి మాడ్చేదాన్ని. ఒక్కరోజూ బాధపడిన పాపాన పోలేదు.

ఆరు నెలలు గడిచాక ఎలుకల గది పైకప్పు బాగుచేయాలన్నారు. నా గైడు సార్ మహా కంగారు మనిషి. "పదిహేను రోజులు మీ ఇంట్లో పెట్టుకుని పని కానివ్వు. వచ్చాక కమిటీకి ఫలితాలు చూపించకపోతే నీ రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, నా పరువూ పోతుంది" అన్నారు. ఆయన బెంగంతా రెండో దాని గురించే. చెక్కపెట్టె, త్రాసు మూటగట్టుకుని, పంజరాల మీద పాత చీర కప్పి మా ఊరు కోవిల్‌పట్టి బస్సెక్కాను. లోపల ఏముందని కండక్టర్ అడిగితే "నా చదువు" అన్నాను. చదువు కిచకిచమంది. ఆయన ఇంకేమీ అడగకుండా వెనక సీటుకు పొమ్మన్నాడు.

ఇంట్లో అమ్మ ఒక్కతే. మా ఊళ్లో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని ఆపీసు అంటారు. చెక్క చట్రాల్లో పుల్లలు పేర్చడం ఆపీసులో అమ్మ పని. చిన్నప్పటి నుంచీ అదే. గడప దాటి వచ్చిన ప్రాణి ఏదైనా తినకుండా పోకూడదన్నది ఆవిడ చట్టం. కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన మనిషి కూడా ఒక ముద్ద మింగితే గానీ బయటపడలేడు. పంజరాలు దించగానే అమ్మ అడిగిన మొదటి మాట, "ఇవి ఏం తింటాయే?"

"నేను చూసుకుంటానమ్మా. నువ్వు పెట్టవద్దు. ఆకిలితో ఉంటేనే ప్రయోగం."

"వచ్చినదాన్ని పస్తు పెట్టేది ఏం చదువే? సరి, సరి."

సరి అంది కదా అని నమ్మాను. ఇరవై ఏడేళ్లు ఆవిడ చేతి కూడు తిని కూడా, అమ్మ రెండుసార్లు సరి అంటే తన పని తాను చేస్తుందని నాకు తెలియకపోయింది.

మూడో రోజుకే ఎలుకల తీరు మారింది. పెట్టె మధ్యలో తీరిగ్గా కూర్చుని మీసాలు దువ్వుకునేవి. ఐదో నంబరు ఎలుక ఏకంగా నిద్రపోయింది. పైగా బరువు పెరిగాయి. బస్సు కుదుపులకు త్రాసు చెడిందనుకుని ప్రతి అంకెలోంచీ కొంత తీసేసి రాసుకున్నాను. త్రాసు మీద అనుమానపడ్డాను గానీ అమ్మ మీద పడలేదు. చోటు మారితే ఎలుకకు జ్ఞాపకం చెదిరిపోతుంది, ఇదీ నా మహా ఆవిష్కరణ. గ్రాఫు గీస్తే గీత అందంగా కిందికి జారింది.

పదిహేనో రోజు పొద్దున ఎస్‌టీడీ బూత్ నుంచి సార్‌కు ఫోన్ చేశాను. ఆయన సంతోషంతో నన్ను మొదటిసారి "అమ్మా" అన్నారు. ఎగురుకుంటూ ఇంటికొచ్చేసరికి అమ్మ పంజరాల ముందు బాసింపట్టు వేసుకుని, పెరుగన్నం చిన్న చిన్న ముద్దలు చేసి ఊచల మధ్య నుంచి అందిస్తోంది.

"ఏం చేస్తా ఉండావమ్మా!"

"వచ్చిన నాటి నుంచి పెడతానే ఉండాను. పాపం కదే" అంది, దాచకుండా.

నేను అరిచాను. ఆరు నెలల పని మట్టిపాలు చేశావన్నాను. కడుపు నిండితే అవి పరిగెత్తవన్నాను. అమ్మ ముద్ద చేస్తూనే అడిగింది: "పరిగెత్తకుంటే దారి మరిచిపొయ్యినాయని రాసుకున్నావా?"

"అవును."

"తొమ్మిదేళ్లకి ఆపీసుకి పొయ్యినాను. మొదటి చట్రం నిండితేనే గంజి పోసేది. ఆ చట్రానికి నా చెయ్యి బిరబిరా ఆడేది. మేస్త్రి చూసి, ఈ పిల్లకి తెలివి జాస్తి అనేవాడు. తెలివి కాదే, ఆకిలి. గంజి తాగినాక చెయ్యి మెల్లిగా పొయ్యేది. అప్పుడు నేను పని మరిచిపొయ్యినానా?"

అమ్మ ఇంకో ముద్ద ఊచల మధ్య నుంచి అందించింది.

"ఎన్ని గంటలు పస్తు పెడతావు వీటిని?"

"ఇరవై రెండు."

"మమ్మల్ని కూడా అంతసేపు పెట్టలేదే వాళ్లు" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మ తొమ్మిదేళ్లప్పుడు ఏం తిందని నేనెప్పుడూ అడగలేదు. ఎలుకల మెదడు గురించి మాత్రం నోటుపుస్తకాలు నింపాను. ఆ పక్కనే కూర్చుని కాసేపు ఏడ్చాను. అమ్మ నాకూ ఒక ముద్ద పెట్టింది.

సంగతి చెబితే సార్ తల పట్టుకున్నారు. "గ్రాఫు బాగుంది కదా, మీ అమ్మ సంగతి కమిటీకెందుకు?" అన్నారు. ఆశ నాకూ పుట్టింది, రెండు రోజులు ఆ గ్రాఫును చూస్తూ గడిపాను కూడా. చివరికి కమిటీ ముందు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఒకాయన పగలబడి నవ్వాడు, ఒకావిడ మాత్రం నవ్వలేదు. మొత్తానికి లెక్కలన్నీ పారేసి మళ్లీ మొదలుపెట్టమని ఇంకో ఏడాది గడువిచ్చారు. గడువు కాగితంలో ఆలస్యానికి కారణం రాయాల్సిన చోట అనారోగ్యం అని రాసెయ్యమని సార్ చెవిలో చెప్పారు. నేను కలం తీసుకుని, ఎలుకలు కడుపునిండా తిన్నాయి, దారి మరిచిపోలేదు అని రాసి సంతకం పెట్టాను.