కాలు ఒప్పుకున్న చెక్క

డాక్టర్ జ్ఞానప్రసూన చెప్పులు విప్పి, మీద నిలబడి చూడకుండా ఏ వస్తువూ కొనదు. లోకంలో అందరూ కంటితో చూసి, చేత్తో తడిమి, ధర అడిగి ఓ నిర్ణయానికొస్తారు. ఆవిడ వ్యవహారమంతా అరికాలితోనే. తివాచీ కానివ్వండి, బాత్రూమ్ టైల్స్ కానివ్వండి, ముందు చెప్పులు విప్పాలి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడాలి, ఆ తర్వాతే తీర్పు. తీర్పులు రెండే రకాలు. "కాలు ఒప్పుకుందండీ" అంటే బిల్లు కట్టొచ్చు. "కాలు ఒప్పుకోలేదండీ" అంటే కారెక్కొచ్చు. ఆ పైన అప్పీలు లేదు.

ఈ తీర్పులన్నీ నోరు మూసుకుని అమలు చేసేవాడు ఆవిడ భర్త ద్వారకానాథ్. సిడ్నీకి వచ్చిన కొత్తలో కారు కొనడానికి వెళ్తే, అమ్మేవాడు ఇంజను గొప్పతనం ఏకరువు పెడుతుండగా ఆవిడ బూట్లు విప్పి బ్రేకు మీద ఉత్తకాలు ఆనించి, "దీనికి కాస్త పొగరెక్కువ" అని దిగిపోయింది. క్వేకర్స్ హిల్‌లో ఇల్లు కొన్నప్పుడూ అంతే. ఏజెంటు బడి ఎంత దగ్గరో, రైలు స్టేషన్ ఎంత దగ్గరో చెప్పుకుపోతున్నాడు. ఆవిడ వంటింటి నుంచి గరాజ్ దాకా ఓ ప్రదక్షిణ చేసొచ్చి తీసుకుందాం అంది. చెద పట్టిందో లేదో అడిగిన నాథుడు లేడు. తెనాలిలో పెళ్ళినాడు మెట్టెలు తొడగడానికి తను ఆ కాలు పట్టుకున్నప్పుడు, ఆ కాలు కూడా తనని పరీక్షగా చూసే ఉంటుందని ద్వారకానాథ్‌కి చాలా ఏళ్ళ తర్వాత అనుమానమొచ్చింది.

ఇంటికి కాలు ఒప్పుకుంది గానీ, వెనకున్న డెక్, అదే చెక్క అరుగు, మాత్రం పాత యజమాని ఎప్పుడో చవక చెక్కతో కొట్టించింది. తొంభై తొమ్మిది ఆగస్టులో ఓ ఆదివారం దాని ఆయువు తీరింది. ద్వారకానాథ్ ఆఫీసు మిత్రుడు రామ్మోహన్ పెసరట్టు పళ్ళెంతో డెక్ మీద నడుస్తూ, క్రికెట్ గురించి ఏదో అంటూ, ఉన్నట్టుండి పొట్టివాడైపోయాడు. పలక విరిగి ఒక కాలు మోకాలి దాకా దిగబడింది. అల్లప్పచ్చడి కూడా ఒలకలేదు. అందరూ పరిగెత్తుకొస్తే ముందు పళ్ళెం అందించి, తర్వాత చెయ్యందించాడు. వెళ్తూ వెళ్తూ, ఇంకోసారి వచ్చేముందు ఈ ఇంటికి ఇన్సూరెన్స్ ఉందో లేదో కనుక్కుంటానన్నాడు.

దాంతో కొత్త డెక్ వేయించక తప్పలేదు. ద్వారకానాథ్ సిటీలో ఓ బీమా కంపెనీలో పాత ప్రోగ్రాములన్నీ తవ్వి తీసి, రెండంకెల సంవత్సరాలని నాలుగంకెలు చేసే వైటూకే పనిలో ఉన్నాడు. డిసెంబరు వచ్చిందంటే సెలవుల్లేవు, కొత్త సంవత్సరం పుట్టేదాకా ఆఫీసే ఇల్లు. ఈలోగా డెక్ పని తెమిలిపోవాలని ఆయన తాపత్రయం. వడ్రంగి డెస్ కూడా క్రిస్మస్ దాటితే మళ్ళీ ఫిబ్రవరిలోనే కనిపిస్తానన్నాడు.

ఆఫీసు అలవాటు కొద్దీ ఆయన కంప్యూటర్లో ఓ పట్టిక వేశాడు. మందు పట్టించిన పైన్ అన్నిటికన్నా చవక, కానీ పదేళ్ళకి మళ్ళీ రామ్మోహన్ కాలు దిగబడుతుంది. ఇండోనేషియా వైపు నుంచొచ్చే ఎర్ర మెర్బావ్ మధ్యరకం, ఏటేటా నూనె పట్టించాలి. పెర్త్ వైపు నుంచొచ్చే జారా చెక్క రాజాలాంటిది, ధర కూడా రాజుగారికే సరిపోతుంది. రంపపు పొట్టూ ప్లాస్టిక్కూ కలిపి పోతపోసిన కొత్తరకం పలక ఒకటుంది, దానికి నూనె అక్కర్లేదట, కొనాలంటే మాత్రం ఇల్లు తాకట్టు పెట్టాలి. ఆయన మార్కులన్నీ కూడి మెర్బావ్‌కి ఫస్టు ర్యాంకు ఇచ్చాడు. భార్య ఆ పట్టికని మర్యాదగా చూసి, "సాంపిల్స్ ఎక్కడండీ?" అంది.

సాంపిల్స్ కోసం చెక్కల డిపోకి వెళ్ళారు. ఆవిడ చెప్పులు విప్పగానే ద్వారకానాథ్ సిగ్గుతో ఓ చెక్కల దొంతర వెనక్కి తప్పుకున్నాడు. తొంగి చూస్తే, బనీనూ నిక్కరూ వేసుకున్న ఓ తెల్లాయన కూడా కాళ్ళకి ఏమీ లేకుండానే తిరుగుతున్నాడు. ఇద్దరూ ఒకే పలక మీద పక్కపక్కన నిలబడి, చిన్ననాటి స్నేహితుల్లా మాట్లాడుకుంటున్నారు. సిడ్నీలో ఆవిడ ఉత్తకాళ్ళకి సిగ్గుపడేది తెలుగువాళ్ళు మాత్రమేనని ఆయనకి ఆరోజు తెలిసింది.

పెరట్లో గడ్డి మీద పలకలు పరిచారు. పైన్ మీద నాలుగడుగులు వేయగానే ఆవిడ కాల్లో పేడు గుచ్చుకుంది. స్వయంగా లాక్కుని, దాన్ని వెలుతురులో చూసి సంతోషంగా కొట్టిపారేసింది. మెర్బావ్ వంతు వచ్చేసరికి వాన పడింది. తడిసిన మెర్బావ్ ఎర్రటి రసం కారుస్తుందని ఎవరికీ తెలీదు. ఆవిడ లోపలికొస్తే హాలంతా లక్ష్మీదేవి అడుగులు. సరిగ్గా అప్పుడే పక్కవీధి ఇషాక్ వచ్చాడు. కర్నూలు మనిషి, బ్లాక్‌టౌన్‌లో మసాలా దినుసుల కొట్టు నడుపుతాడు. ఆవిడ పాదాల పారాణి చూసి, డాక్టరమ్మకి మళ్ళీ పెళ్ళా అని అడిగాడు. నాలుగు వానలకి రంగు పోతుందని డెస్ భరోసా ఇచ్చాడు. రెండు రోజులు ఆలోచించి కాలు ఒప్పుకుంది. ద్వారకానాథ్ ఆ పూటే డెస్‌కి అడ్వాన్సు ఇచ్చేశాడు.

అక్టోబరు చివర్లో ఓ సాయంత్రం ఆవిడ క్లినిక్ నుంచి ఆలస్యంగా వచ్చి, కాఫీ తాగుతూ, మెర్బావ్ వద్దండీ అంది.

ఆయన కప్పు కింద పెట్టాడు. కాలు ఒప్పుకోకపోవడం ఆయనకి అలవాటే. ఒకసారి ఒప్పుకున్న కాలు మాట తప్పడం మాత్రం ఇన్నేళ్ళ కాపురంలో చూడలేదు.

ఆ మర్నాటి నుంచి పెరడు ప్రయోగశాల అయిపోయింది. ఆవిడ మధ్యాహ్నం క్లినిక్ నుంచి భోజనానికొచ్చి, ఎండలో పరిచిన పలకల మీద ఒక్కోదాన్నీ చేతి వెనకవైపుతో ముట్టుకుని చూసేది. తర్వాత కాలు పెట్టేది. ప్లాస్టిక్ పలక మీద పెట్టిన కాలు పెట్టినట్టే గాల్లోకి లేచింది. దాని మీద పిండి పోస్తే అట్టు లేస్తుందని తేల్చింది. ముదురు రంగువన్నీ అదే దారి. చారలు చెక్కిన పలకలు వద్దు, కాలివేళ్ళు తగులుకుంటాయి. మేకులు వద్దు, కొన్నాళ్ళకి తలలు పైకొస్తాయి. స్క్రూ మరలే బిగించాలి, అవి కూడా చెక్కలోకి దిగి ఉండాలి. డెస్ ఇదంతా విని, ఇది డెక్కా, నాట్యమండపమా అని ద్వారకానాథ్‌ని అడిగాడు. అని, కొత్త అంచనా వేసిచ్చాడు. పట్టికలో ఆ అంకె పట్టడానికి ద్వారకానాథ్ గడి వెడల్పు చేయాల్సొచ్చింది.

అంతకన్నా విడ్డూరం శనివారం జరిగింది. బార్బెక్యూకి, ఇక్కడివాళ్ళ మాటలో బార్బీకి, బీర్లు పెట్టుకునే ఎస్కీ పెట్టెలో రెండు సంచుల ఐసు పోసుకుని, అందులో రెండు కాళ్ళూ పెట్టుకుని ఆవిడ కుర్చీలో కూర్చుంది. పెదవులు వణుకుతున్నాయి. పదోక్లాసు చదివే కూతురు అపూర్వ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"డాడ్, షి ఈజ్ మారినేటింగ్ హర్ ఫీట్," అంది.

ఏమిటిది అని ఆయన అడిగాడు. కాళ్ళు మొద్దుబారితే ఎలా ఉంటుందో చూస్తున్నానని ఆవిడ చెప్పింది. చెప్పి, లేచి, పైన్ పలక మీద అటూ ఇటూ నడిచి, మళ్ళీ కూర్చుని పాదం తిప్పి చూసుకుంది. మడమలో బారెడు పేడు. గుచ్చుకున్నట్టు తెలియనే లేదని విస్తుపోతూ చెప్పింది. ఆయనకి ఆ పేడు కన్నా ఆవిడ ముఖంలో కనిపించిన విచారం చూసి ఎక్కువ భయం వేసింది. ఉండబట్టలేక అనేశాడు.

"ప్రసూనా, నీ కాలు ఒప్పుకునేదాకా కూర్చుంటే వైటూకే వెళ్ళిపోయి వైత్రీకే వస్తుంది. ఒక్క కాలి కోసం ఇన్ని డాలర్లా?"

మామూలుగా అయితే ఆవిడ ఒకటికి నాలుగు అప్పజెప్పేది. ఆరోజు ఐసులోంచి మెల్లిగా ఒక కాలు తీసి తుడుచుకుంది.

"నా కాలి కోసం కాదు లెండి," అంది. ఆ తర్వాత ఎంత అడిగినా నోరు విప్పలేదు.

ఆయన నాలుగు రోజులు అలిగాడు. ఐదో రోజు ఆవిడే ఒక పలక పట్టుకొచ్చి ఆయన ముందు పెట్టింది. ఈ రాష్ట్రంలోనే పెరిగే బ్లాక్‌బట్. పేరులో నలుపే గానీ చెక్క గోధుమ వన్నె. గట్టిది, నున్నటిది, ఎండకి పెద్దగా కాలదు, మెర్బావ్ కంటే ఓ మోస్తరుగా ఎక్కువ ధర. ఆ ఎక్కువైన డబ్బు తన కొత్త కారు మానుకుని ఇస్తానంది. పాత కారు బ్రేకుకి ఈమధ్య కాస్త వినయం వచ్చిందట. ఆయన ఊఁ అన్నాడు.

డెస్ గొణుక్కుంటూనే ఒక్కో మరా దించి, క్రిస్మస్‌కి ముందే పని ముగించాడు. ఆ శనివారం సాయంత్రం ఎండ వాలాక బార్బీ పెట్టుకున్నారు. రామ్మోహన్ వచ్చి ముందు మెట్టు మీద నిలబడి డెక్‌ని కాలితో తట్టి చూశాడు. ఇషాక్ తన తల్లి ఆబిదాబీని తీసుకొచ్చాడు. ఆవిడ కర్నూలు నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఏడాది కావొస్తోంది. మొదట్లో ప్రతి ఇంటికీ వచ్చి అందరి పిల్లల పేర్లూ కనుక్కునేది. ఈమధ్య రెండు నెలలుగా గడప దాటలేదని ద్వారకానాథ్‌కి అప్పుడు గుర్తొచ్చింది.

ఆబిదాబీ మెట్టు దగ్గర ఆగి, కాళ్ళకున్న మెత్తటి బూట్లు వరసగా విప్పి పక్కన పెట్టింది. ఉత్త పాదాలతో డెక్ మీదికి వచ్చింది. జ్ఞానప్రసూన పకోడీల పళ్ళెం పట్టుకుని, మాటలాపేసి, ఆ పాదాలనే చూస్తోంది. ఆబిదాబీ ఆ చివర దాకా నడిచి, కుర్చీలో కూర్చుని కొంగు సర్దుకుంది. అప్పుడు జ్ఞానప్రసూన పకోడీలు పంచడం మొదలుపెట్టింది.

ఇషాక్ బార్బీ దగ్గరికొచ్చి, మొక్కజొన్న పొత్తులు తిప్పుతున్న ద్వారకానాథ్ పక్కన నిలబడ్డాడు. గొంతు తగ్గించి చెప్పాడు. అమ్మకి చాలాకాలంగా షుగరు. అరికాళ్ళలో స్పర్శ పోయింది. అక్టోబరులో వాళ్ళ పెరట్లో ఎండకి కాగిన నల్లరాళ్ళ మీద నిలబడి కోడలితో కబుర్లు చెప్పుకుంటూ ఉంటే పాదాలు బొబ్బలెక్కాయి. లోపలికొచ్చాక కోడలు చూసి కేక వేసేదాకా ఆవిడకి తెలియనే లేదు. రోజూ క్లినిక్ అయ్యాక డాక్టరమ్మే ఇంటికొచ్చి కట్టు కట్టింది.

"అమ్మ సిగ్గుపడి ఎవరికీ చెప్పొద్దనిందన్నా. ఒకరింటికి పోతే చెప్పులతో లోపలికి పోను, విప్పితే కాళ్ళు కాల్చుకుంటాను, నేను ఇంట్లోనే పడుంటానని కూర్చుండాది. డాక్టరమ్మ బూట్లు తెప్పిచ్చి, వాటితోనే లోపలికి పొమ్మని శానా చెప్పి చూసింది. వినదు. ఆఖరికి, ఆబిదమ్మా, నీ అలవాటు మార్చేదాని కంటే మా డెక్ మార్చేది సులువు, మా ఇంటికి నువ్వు ఉత్తకాళ్ళతోనే రా, అనింది."

ద్వారకానాథ్ పటకారు పక్కన పెట్టాడు. తర్వాత భార్య దగ్గరికెళ్ళి, తనకొక్క మాట చెప్పొచ్చుగా అన్నాడు.

"పేషెంట్ సంగతులు ఇంట్లో చెప్పకూడదు కదండీ," అంది ఆవిడ, పకోడీ ఆయన నోట్లో పెడుతూ. "మీరు నాలుగు రోజులు అలుగుతారని తెలుసు. అన్నం మానేయరని కూడా తెలుసు."

పకోడీ నములుతూ ఆయన అక్కడే కూర్చుని బూట్లు విప్పాడు. మేజోళ్ళు కూడా లాగేశాడు. అపూర్వ చూసి, ఓ నో, ఇద్దరూనా, అన్నట్టు తల పట్టుకుంది. ఆయన ఆబిదాబీ కుర్చీ ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"కొత్త చెక్క ఎట్లుంది నాయనా?" అని ఆవిడ అడిగింది. "నాకు తెల్వదు గదా. నువ్వు చెప్పు."

ఆయన రెండడుగులు వేసి ఆలోచించాడు. నున్నగా ఉందన్నాడు. ఎంత నున్నగా అని ఆవిడ అడిగింది. గోరువెచ్చగా ఉందన్నాడు. ఎంత గోరువెచ్చ, పాలంతనా, స్నానం నీళ్ళంతనా అని అడిగింది. పాతికేళ్ళుగా ప్రోగ్రాములు రాసిన మనిషి ఆ ప్రశ్నకి బిక్కమొహం వేశాడు.

"నీకు సరిగ్గా చెప్పనీకి రాలేదబ్బా," అంది ఆబిదాబీ కుర్చీలో వెనక్కి వాలుతూ. "ఆ కొస దాకా పోయి, మెల్లగా నడిచి రా."

ఆయన కొస దాకా వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. ఆవిడ ఇంకోసారి నడవమంది. రామ్మోహన్ చప్పట్లు కొట్టాడు, అపూర్వ కెమెరా కోసం లోపలికి పరిగెత్తింది. బార్బీ మీద మొక్కజొన్న పొత్తులు నల్లగా మాడుతుంటే, ద్వారకానాథ్ పంట్లాం పైకి మడిచి, అరికాళ్ళు నింపాదిగా ఆనిస్తూ, ఈసారి పాలా, నీళ్ళా తేల్చుకునే వస్తానన్నట్టు మళ్ళీ ఆ కొసకి బయల్దేరాడు.