విరుదునగర్ బజారులో తెల్లటి గడి

దయ్యాలుంటే ముందు నా కెమెరాకే చిక్కాలి కదా అని ఎగతాళి చేసేవాణ్ణి. తమిళనాడులోని కోవిల్‌పట్టిలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు లేని రోజుల్లో చీకటి పడ్డాక ఊళ్లను ఫోటో తీయడం నా పిచ్చి. మనుషులు లేని వీధి, దీపాల వెలుగు, అంతే.

చీకట్లో కెమెరాకు దూరం అందదు. అందుకని నా భార్య సీతమ్మ దీపం కింద నిలబడేది. ఆమె ముఖం మీద ఫోకస్ కుదుర్చుకుని, తప్పుకోమని చెయ్యి ఊపి, ఆ తర్వాత ఫోటో తీసేవాణ్ణి.

"ఊరంతా పోటో ఎత్తుతావు మామా, నన్ను మట్టుకు తొలుగు తొలుగంటావు," అని దెప్పేది. నేను నవ్వుతూ బటన్ నొక్కేవాణ్ణి.

ఆమె జ్వరంతో పోయి ఏడాది దాటింది. నా దగ్గర ఎన్ని వీధులున్నాయో లెక్కలేదు. వాటిలో ఒక్కదాంట్లోనూ ఆమె లేదు. ఆ దీపాల కింద ఆమెది ఒక్క ఫోటో ఉంటే చాలని ఎంత ఏడ్చానో.

ఒక ఆదివారం సాయంత్రం ఒంటరిగా విరుదునగర్ వెళ్లాను. బజారు మూసి ఉంది, గాలిలో మిరపకాయల ఘాటు. ఇద్దరం చివరిసారి వచ్చిన వీధిలోనే కెమెరా నిలబెట్టాను. దీపం కింద సంచి పెట్టి ఫోకస్ చేద్దామనుకునేలోగా తెర మీద తెల్లటి గడి వెలిగింది.

కెమెరాకు మనిషి ముఖం దొరికితేనే, దాని చుట్టూ ఆ గడి వస్తుంది. దీపం కింద ఎవరూ లేరు. వెనక మూసిన షట్టరు, దాని మీద పోస్టరు కూడా లేదు.

లెన్సు తుడిచాను. పక్క దీపం వైపు తిప్పితే గడి పోయింది. మళ్లీ ఇటు తిప్పితే వచ్చింది, సరిగ్గా సీతమ్మ ఎత్తులో. మనిషి కాలు మార్చి నిలబడినట్టు అప్పుడప్పుడు కాస్త కదిలేది.

ఎవరూ లేనిచోట ఎవర్ని తీస్తున్నావని అక్కడి కాపలాదారు తమిళంలో అడిగాడు. "మా ఇంటామెను," అన్నాను. అతను నన్నొకసారి ఎగాదిగా చూసి వెళ్లిపోయాడు.

బటన్ మీద వేలు పెట్టాను. నొక్కలేదు. బ్యాటరీ అయిపోయేదాకా ఆ గడినే చూస్తూ నిలబడ్డాను.

కెమెరాలో లోపమేమీ లేదని బాగుచేసేవాడు చెప్పాడు. ఆ తర్వాత చాలా ఆదివారాలు వెళ్లాను, గడి మళ్లీ రాలేదు. అదేమిటో నాకిప్పటికీ తెలియదు.

నొక్కి ఉంటే సాక్ష్యం ఉండేది కదా అని విన్నవాళ్లంతా అడుగుతారు. రాత్రి ఫోటో పడేటప్పుడు అర నిమిషం తెర నల్లబడుతుంది. అంతసేపు ఆమెను చూడకుండా ఉండలేకపోయాను.