అమ్మకు పెట్టిన పరీక్ష

క్లినికల్ సైకాలజీ శిక్షణలో చేరిన కొత్తలో మమ్మల్ని రోగుల దగ్గరికి రానివ్వలేదు. జ్ఞాపకశక్తి పరీక్ష ఒక రోగికి పెట్టాలంటే, ముందు అదే పరీక్షను ఏ జబ్బూ లేని పదిమందికి పెట్టి, ఆ షీట్లు మా మేడానికి చూపించి సంతకం చేయించుకోవాలి. మేడం అంటే కర్నూలులో మాకు శిక్షణ ఇచ్చిన ప్రొఫెసర్. ఆమె ఎర్ర పెన్ను చూస్తే మా బ్యాచ్ మొత్తానికి నోరు ఎండిపోయేది.

వయసులో ఉన్న, చదువుకున్న మనుషులకేం కొదవ లేదు. హాస్టల్లో ఒకరికొకరం పెట్టుకున్నాం. యాభై దాటినవాళ్ళు, పెద్దగా చదువుకోనివాళ్ళు కావాల్సి వచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆస్పత్రి బయట టీ తాగుతున్న పెద్దాయన్ను అడిగితే, "ఏంటికమ్మా, పింఛను తీసేస్తారా?" అని గ్లాసు అక్కడే పెట్టి లేచిపోయాడు. ఆఖరికి అందరం ఒకటే దారి పట్టాం. సెలవు దొరకగానే షీట్లు సంచిలో పెట్టుకుని ఇళ్ళకు వెళ్ళి అమ్మలకూ నాన్నలకూ పరీక్షలు పెట్టేశాం. మేడానికి ఈ సంగతి తెలుసు. తెలిసీ ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పేది. "షీటు తేడాగా వస్తే రెండే కారణాలు. పరీక్ష పెట్టడం నీకు రాలేదు, లేదా ఆ మనిషికి ఏదో అవుతోంది. రెండిట్లో ఏదైనా షీటు నా దగ్గరికి రావాలి."

మా ఊరు ఆలూరు దగ్గర. నేను పదో తరగతిలో ఉండగా నాన్న పోయాడు. వాన పడితే తప్ప ఏమీ ఇవ్వని ఎకరన్నర చేను కౌలుకిచ్చి, అమ్మ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది. ఆదివారం చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది. అప్పటికి ఆమెకు యాభై ఆరు. చదివింది అయిదో తరగతి. నా షీటుకు ఇంతకంటే సరిగ్గా సరిపోయే మనిషి దొరకదనుకున్నాను.

కోత పండుగకు వెళ్ళాను. మా చర్చిలో ఆ రోజు అందరూ పండిన పంటలో కొంత తెచ్చి దేవుని ముందు పెడతారు. వేరుశనక్కాయల మూటలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళతో ఆవరణంతా నిండిపోతుంది. పండుగ మరుసటి రోజు మధ్యాహ్నం అమ్మను వరండాలో కూర్చోబెట్టి పది మాటలు చదివాను. ఇటుక, కాకి, రుమాలు, నిమ్మకాయ, అలా. వెంటనే చెప్పమంటే ఏడు చెప్పింది. అవే మాటలు ఇంకో రెండుసార్లు చదివితే, మూడోసారికి ఎనిమిది. సంబరపడ్డాను. అరగంట ఆగి మళ్ళీ అడగాలి. ఈలోపు బొమ్మలవీ అంకెలవీ వేరే పరీక్షలు పెట్టాను.

అరగంటయ్యాక, "ఇందాక చెప్పిన మాటలు ఇప్పుడు మళ్ళీ చెప్పమ్మా" అన్నాను.

"ఏం మాటలు?" అంది అమ్మ.

నాకు నవ్వొచ్చింది. పరాచికాలు వద్దన్నాను. అమ్మ నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి తనూ నవ్వింది. "నువ్వేం జెప్పినావు పాపా నాకు?"

ఆ చూపేమిటో ఇప్పుడు నాకు బాగా తెలుసు. ఓపీలో తరచూ చూస్తుంటాను. మతి జారుతున్న మనిషి ఎదుటివాళ్ళ ముఖం చదివి, వాళ్ళు నవ్వితే తనూ నవ్వేసి గండం దాటేస్తుంది. ఆ రోజు నాకు కనిపించింది అమ్మ వేళాకోళం మాత్రమే. మొదటి అక్షరాలు అందించాను. "ఇ..." అంటే "ఇల్లు" అంది. "కా..." అంటే "కాఫీ" అంది. షీటులో ఆ గడులన్నీ ఖాళీగా మిగిలాయి.

ముందు వారమే మేడం నావి రెండు షీట్లు అందరి ముందూ బల్ల మీద పడేసింది. మాటలు గబగబా చదువుతున్నానని, నా తొందర ఎదుటివాళ్ళ మార్కుల్లో కనబడుతోందని కడిగేసింది. నాకు ముక్కు మీద కోపం. అది ఇంకా చల్లారలేదు. మూడో షీటు కూడా ఇలా తీసుకెళ్తే మళ్ళీ అదే మాట అంటుందని ఖాయం చేసుకున్నాను. మేడం చెప్పిన రెండు కారణాల్లో మొదటిదే నా కంటికి ఆనింది. రెండోదాన్ని అమ్మ పక్కన పెట్టి చూడాలన్న ఆలోచనే రాలేదు. ఎలా వస్తుంది? ముందు రోజే చర్చిలో అమ్మ పుస్తకం తెరవకుండా ఆరేడు చరణాల పాటలు వరసగా పాడింది. చిన్ననాడు నేర్చిన పాటలు ఆఖరిదాకా నిలుస్తాయని, నిన్నటివి ముందు పోతాయని నేను నోట్సులో రాసుకున్నదాన్నే. పరీక్షలో ఆ ప్రశ్నకు మంచి మార్కులు కూడా వచ్చాయి.

షీటును నాలుగు ముక్కలుగా చింపి పొయ్యిలో వేశాను. మర్నాడు కొత్త షీటు తీశాను.

"నిన్న నేను బాగ చెప్పల్యా పాపా? నీకు మార్కులు తక్కువ పడ్తాయా?" అని అడిగింది అమ్మ. పరీక్ష తనకు కాదు, నాకని ఆమె నమ్మకం. "అవును, నీవల్ల నేను ఫెయిలయ్యేట్టున్నా" అని ఆట పట్టించాను. ఆమె నవ్వలేదు. పనులన్నీ ముగించుకుని మధ్యాహ్నం మళ్ళీ నా ముందు కూర్చుంది. ఈసారి అరగంట తర్వాత తొమ్మిది మాటలు గడగడా చెప్పేసింది. లేచేటప్పుడు నడుం దగ్గర దోపుకున్న కాగితం జారింది. క్యాలెండరు చింపిన ముక్క. నా సంచిలోని జాబితా చూసి, గుండ్రటి అక్షరాలతో పది మాటలూ రాసుకుంది. పొద్దుటి నుంచీ వంట చేస్తూ అదే చదువుకుందట.

కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వాను. ఆ తొమ్మిదిని షీటులో అలాగే ఉంచాను. కింద 'సాధారణం' అని రాశాను. మేడం చూసి, "ఈసారి బాగా పెట్టావు" అని సంతకం చేసింది. హాస్టల్లో అందరికీ మా అమ్మ కాపీ కొట్టిన కథ చెప్పి నవ్వించాను. నన్ను ఫెయిలు చేయకూడదని ఆమె పడిన తాపత్రయం అక్కడ ఏ ఒక్కరికీ అర్థం కాలేదు, నాతో సహా.

ఏడాది గడిచింది. ఒకరోజు అమ్మ ఫోను చేసి, బడిలో తనను వంటకు రావద్దన్నారని చెప్పింది. సాంబారులో ఉప్పు రెండుసార్లు వేస్తోందట. ఒకరోజు అన్నం మాడి గది పొగతో నిండిపోయిందట. పిల్లలందరూ కంచాలు పట్టుకుని వరసలో నిలబడి ఉండగా హెడ్మాస్టరు అయ్యవారు, "ఇంక నువ్వు రావద్దులే అమ్మా, నీతో కాదు" అన్నాడట. ఆ పిల్లల్లో సగం మంది ఆదివారం ఆమె దగ్గర పాటలు నేర్చుకునేవాళ్ళే. నాకు ఒళ్ళు మండిపోయింది. అయ్యవారికి ఫోను చేసి నోటికొచ్చినట్టు దులిపేశాను. భర్త లేని ఆడమనిషి కనుక అలుసైపోయిందా అన్నాను. ఆయన మాత్రం, "మీ అమ్మకు ఒంట్లో బాగలేదేమో చూపిచ్చు పాపా" అని ఒక్క మాట అని పెట్టేశాడు. ఇదే చదువుతున్న నాకు ఈయన చెప్పేదేమిటని ఇంకో కోపం.

తర్వాత ఆరు నెలలకు నేను ఆస్పత్రిలో ఉండగా అమ్మ నంబరు నుంచి ఫోను వచ్చింది. మాట్లాడింది అమ్మ కాదు, ఎవరో పెద్దాయన.

"ఏం బేటీ, ఈ ఫోను మీ అమ్మదేనా? నేను డోన్ స్టేషన్ల చాయ్ అమ్ముతా. మీ అమ్మ పొద్దున్నుంచి ఈడనే బెంచీ మీద కూచోనుండాది. యాడికి పోవాల్నమ్మా అంటే చెప్పలేకపోతాంది. నువ్వొచ్చేదాకా నేను చూసుకుంటా, నువ్వు భయపడాకు."

అమ్మ నన్ను చూడ్డానికి బయల్దేరింది. ఎప్పుడూ ఆలూరు నుంచి బస్సులో వచ్చే మనిషి, ఆ రోజు గుంతకల్లు వెళ్ళి ఎందుకు రైలెక్కిందో, డోన్‌లో ఎందుకు దిగిందో తెలియదు. నేను వెళ్ళేసరికి ఒళ్ళో సంచి పట్టుకుని కూర్చుని ఉంది. సంచిలో నాకోసం తెచ్చిన వేరుశనగ గింజల ఉండలు. నన్ను చూడగానే, "ఇంతసేపా పాపా రావడం, శానాసేపు అయ్యిందే" అంది. మేం అక్కడ కలుసుకోవాలని ముందే అనుకున్నట్టు. చాయ్ పెద్దాయన ఆమెకు ఎండ తగలకుండా తన దుకాణం పట్టా కొంచెం ముందుకు లాగి కట్టాడు. ఆయనకు దండం పెట్టాలన్న ధ్యాస కూడా నాకు లేకపోయింది.

అమ్మను మా ఆస్పత్రికే తీసుకొచ్చాను. జబ్బు తేల్చే పరీక్ష సొంతవాళ్ళకు మనం పెట్టకూడదు. మా తర్వాతి బ్యాచ్ అమ్మాయి అమ్మకు పెట్టింది. నేను రోగి తరఫున వివరాలు చెప్పే కుర్చీలో కూర్చున్నాను. ఎన్ని వందలసార్లు ఆ కుర్చీకి ఎదురుగా కూర్చున్నానో లెక్కలేదు. మేడం పక్కన నిలబడింది. ఆ అమ్మాయి నెమ్మదిగా అడిగింది. "ఎప్పటి నుంచి అక్కా?"

"ఆరు నెలలు," అన్నాను.

ఆమె రాసుకుంది. దాని కింద ఇంకో గడి ఉంటుంది. చెప్పిన మనిషి మాట నమ్మదగినదేనా అని. నేను తన సీనియర్ని కాబట్టేమో, ఆ అమ్మాయి ఆలోచించకుండా 'నమ్మదగినది' అని రాసేసింది. అది చూశాక నా వల్ల కాలేదు. కోత పండుగ, పొయ్యిలో వేసిన షీటు, క్యాలెండరు కాగితం, అన్నీ ఏడుస్తూ చెప్పాను. మేడం తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండేది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ షీటు అప్పుడే తెచ్చి ఉంటే నయం చేసేవాళ్ళమా మేడం?"

"నయమయ్యే జబ్బు కాదు ఇది," అందామె. "కానీ ఆమెతో మాట్లాడేవాళ్ళం. ఏం చేయాలో ఆమెనే అడిగేవాళ్ళం. అప్పుడు ఆమె చెప్పగలిగేది."

జబ్బు సంగతి అమ్మకు ఎవరు చెప్పాలని అడిగితే నేనే చెప్తానన్నాను. మర్నాడు మధ్యాహ్నం నా అద్దె గదిలో, అన్నం తిన్నాక చెప్పాను. ఆ పూట ఆమె బాగా తేటగా ఉంది. మతి కొంచెం కొంచెంగా పోయే జబ్బు వచ్చిందన్నాను. తలూపింది. "నాకు అనుమానంగానే ఉండాది" అంది. షీటు చింపేసిన సంగతి కూడా చెప్పాను. క్షమిస్తుందనే చెప్పాను. నిజం చెప్పాలంటే క్షమిస్తుందని బాగా తెలిసే చెప్పాను.

 అమ్మకు అంత కోపం రావడం నాన్న పోయిన తర్వాత నేనెప్పుడూ చూడలేదు.

"నా తల గదా పాపా. నా తల చెడిపోతాందని నీకు తెలిసి, నాకు చెప్పల్యా నువ్వు?" అమ్మ ఆగలేదు. "చెప్పింటే బడిలో వంట నేనే మానుకుందును. నాతో కాదప్పా, ఇంకొకరిని పెట్టుకోండి అని నేనే చెప్పి, గౌరవంగా ఇంటికొచ్చేదాన్ని. పిల్లోల్లందురూ చూస్తాండంగా నన్ను పొమ్మనిరి. ఆ పొద్దు నాకు యాడన్నా పడి సచ్చిపోదామనిపిచ్చింది. నీకు మార్కులు వచ్చినాయి గదా. సాలు."

నేను కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నా చేయి తీసి పక్కన పెట్టి గోడవైపు తిరిగి పడుకుంది. రాత్రి తినమన్నా తినలేదు.

తెల్లారి లేచేసరికి ఆమె నాకంటే ముందే లేచి స్టవ్ ముట్టించి ఉంది. "ఏం పాపా, కండ్లు అట్ల ఉబ్బినాయి? ఏం పని చేపిస్తాండారు మిమ్మల్ని ఆ ఆస్పత్రిలో?" అని నా తల నిమిరింది. ఆ ముఖంలో ముందు రోజు కోపం ఛాయలు కూడా లేవు. జబ్బు గురించి నేను చెప్పిన మాటలు లేవు. బడిలో జరిగిన అవమానం మాత్రం ఉంది. కాసేపటికి దాన్నే మళ్ళీ చెప్పుకుంది, అయ్యవారు ఎందుకట్ల చేసినాడో తెలియదని.

నేను ఇంకోసారి చెప్పి ఉండాల్సింది. ఎందుకు జరిగిందో తెలుసుకునే హక్కు ఆమెది. నోటిదాకా వచ్చింది. నీళ్ళు నమిలి, టీ తాగి, డ్యూటీకి వెళ్ళిపోయాను.

ఇప్పుడు కడపలో పని చేస్తున్నాను. అమ్మ నాతోనే ఉంటుంది. రోగికి నిజం దాచొద్దని, ఏం కావాలో మాట్లాడగలిగినప్పుడే అడగమని, కుర్చీలో కూర్చున్న కొడుకులకూ కోడళ్ళకూ రోజూ చెప్తాను. వాళ్ళు బుద్ధిగా తలూపుతారు. ఇంటికి వెళ్తే అమ్మ ఇంకా అప్పుడప్పుడూ బడి మాట ఎత్తుతుంది. తనేం తప్పు చేసిందని అడుగుతుంది. నువ్వేం తప్పు చేయలేదమ్మా అంటాను. అది నిజమే. తప్పు ఎవరిదో మాత్రం రెండోసారి చెప్పలేదు. ఆమెకు నా మీద రావాల్సిన కోపం ఒక్క మధ్యాహ్నం వచ్చి పోయింది. అది వచ్చిందన్న సంగతి ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు.