మగ్గం గోడ మీది ఇంగ్లీషు

నూలు చీరకు గంజి పెట్టిన రోజున ఇల్లంతా ఒక పుల్లటి తడి వాసన పట్టుకుంటుంది. వనపర్తిలో నేనుండే ఈ రెండు గదుల ఇంటికి ఆదివారం పొద్దున ఇంగ్లీషు నేర్చుకోవడానికి కొందరు ఆడపిల్లలు వస్తారు. మొన్న వాళ్లు వచ్చేసరికి నేనింకా పెరట్లో చీర ఆరేస్తున్నాను. అందులో ఒకమ్మాయి ముక్కు మూసుకుని, "ఏంది టీచర్ గీ వాసన?" అంది. గంజి వాసన అని చెప్పాను. ఆ పిల్ల పుస్తకం తెరిచి, ఖాళీ వదిలిన వాక్యం కింద ఇచ్చిన నాలుగు మాటల్లో ఒకదానికి గబుక్కున టిక్కు పెట్టేసింది. ఆ మాటే ఎందుకు పెట్టావమ్మా అని అడిగితే, "గదే కరెక్టని ఫోన్ల ఉంది టీచర్" అంది. ఫోన్లో ఉన్నది నిజంగానే సరైన మాట. నా చిన్నప్పుడు అలాంటి ఒక్క మాటను ఎంచుకోవడానికి నాకు ఒక పూట పట్టేది, ఆ పూటంతా ఇదే వాసన.

గద్వాలలో మా సాలెవాళ్ల వీధిలో తెల్లవారకముందే పడుగులు పరిచేవాళ్లు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా రంగురంగుల పోగులు కర్రల మీద సాగి ఉంటే, మగవాళ్లు పెద్ద కుంచెలు పట్టుకుని గంజి పూస్తూ అటూ ఇటూ నడిచేవాళ్లు, మేం పిల్లలం పోగుల కింద నుంచి వంగి దూరి అవతలి అరుగు మీద ఓనగుంటలు ఆడుకునేవాళ్లం. ఎండాకాలం మధ్యాహ్నాలు కోట గోడ రాళ్లు పొయ్యి మీది పెనంలా కాలేవి. వానాకాలంలో మగ్గం గుంటలోకి చెమ్మ ఊరి, పోగులు బిగుసుకుని, నేత సగం పడిపోయేది. ఆ రోజుల్లో మా అవ్వ జొన్నరొట్టె మీద పల్లికారం వేసి, నువ్వులనూనె చుక్క విదిల్చి, మా చేతుల్లో పెట్టి, రాట్నం ముందు కూర్చుని వానను తిడుతూ కండెలు చుట్టేది. బతుకమ్మ రోజుల్లో ఆమె రొట్టెలు నలిపి బెల్లం కలిపి చేసిన మలీద ముద్దల రుచి, కొంగు నిండా తంగేడు పూల పుప్పొడి, ఇప్పటికీ నాకు అలాగే ఉన్నాయి. అవన్నీ ఇచ్చిన చెన్నకేశవస్వామికి దండం.

మా అమ్మ నాకు ఎనిమిదేళ్లప్పుడు జ్వరంతో పోయింది. మా ఇంట్లో నేసేవి నూలు చీరకు పట్టు అంచు వేసే కుప్పడం చీరలు. నడుమ ఉండే నూలు పోగునూ అంచుకు వచ్చే పట్టు పోగునూ వరుస వరుసకూ ఒకదానితో ఒకటి మెలేసి కలపాలి. కుడి పక్క ఆ పని నేసేవాడే చేసుకుంటాడు. ఎడమ పక్కకు ఇంకో మనిషి కావాలి. అమ్మ కూర్చునే ఆ చోట్లో నన్ను కూర్చోబెట్టారు. అలా మూడో తరగతితో నా బడి ఆగింది. ఆ రోజు నాయన నా పలకను గుడ్డతో తుడిచి గూట్లో పెడుతూ, "నిన్ను బడికి పంపనీకె నాతోని కాలేదు బిడ్డా. బడినే ఇంటికి తెస్త" అన్నాడు. ఇంటర్ మొదటి సంవత్సరం సగంలో చదువు మానుకున్న మనిషి ఆయన. మాట నిలబెట్టుకున్నాడు.

బెంగుళూరు నుంచి పట్టు వచ్చేటప్పుడు ఆ పోగుల కట్టలను, లడీలను, ఇంగ్లీషు పేపర్లలో చుట్టి పంపేవాళ్లు. వీధిలో అందరూ ఆ కాగితాలను పొయ్యిలోకి వాడుకునేవాళ్లు. నాయన మాత్రం ఇస్త్రీ చేసినట్టు చేత్తో సాపు చేసి, నా ఎదుటి గోడకు గంజితో అతికించేవాడు. తర్వాత ఒక్కో వాక్యంలో ఒక్కో మాట మీద చిన్న గుడ్డపీలిక అంటించేవాడు. ఎర్రది, పచ్చది, నెమలికంఠం రంగుది. ఆ పీలిక కింద ఏ మాట ఉందో నేను చెప్పాలి. తెలియకపోతే మూడు నాలుగు మాటలు చెప్పి ఎంచుకోమనేవాడు. సరిగ్గా చెబితేనే పీలిక లేపి చూడనిచ్చేవాడు.

"గోడకేమన్న దెబ్బలు తగిలినయారా, గన్ని పట్టీలు కడ్తున్నవ్?" అనేది అవ్వ.

"దెబ్బలు గావమ్మా. మాటలు సిగ్గుపడ్తున్నయి, ముసుగేసిన" అనేవాడు నాయన.

ఒక మంత్రి గురించిన వార్త నాకిప్పటికీ గుర్తుంది. జవాబు చెప్పడానికి మంత్రి ఎలా ఉన్నాడు అన్నచోట పచ్చ పీలిక ఉంది. "చాతగాక ఉండెనా, భయపడి ఉండెనా, ఇష్టం లేక ఉండెనా?" అని నాయన అడిగాడు. నేను ఆయన అటు నుంచి విసిరిన నాడె అందుకుంటూ, పోగు మెలేస్తూ, పై వాక్యం చదివాను, కింది వాక్యం చదివాను. కింద, ఆయన మూడుసార్లు మాట మార్చాడని ఉంది. చాతగానివాడు తడబడతాడు, భయపడేవాడు లేచిపోతాడు, మాట మార్చేవాడికి ఇష్టం లేదన్నమాట. 'రిలక్టెంట్' అన్నాను. నాయన మగ్గం ఆపేసి నవ్వాడు. "శబాష్. మాట ఒక్కతే ఉండదు బిడ్డా. అటు పక్కదాన్ని, ఇటు పక్కదాన్ని అడగాలె. కింది లైను సదవకుండ మాత్రం మాట పెట్టకు" అన్నాడు. రాట్నం దగ్గర నుంచి అవ్వ, "ఓ దొరసానీ, కండె అయిపోయింది, జర గిటు సూడు" అని అరిచింది.

అలా నాలుగేళ్లు గడిచేసరికి ఆ గోడ మీద నాకు తెలియని మాట లేదు. ఒకే అర్థం ఉన్నట్టు కనిపించే మాటల బరువులు వేరువేరని కూడా తెలిసింది. 'ఓవర్‌సైట్' అంటే చూపు తప్పడం వల్ల జరిగిన చిన్న పొరపాటు, అందులో మనిషి మనసు చెడ్డది కాదు. 'నెగ్లిజెన్స్' అంటే పట్టించుకోకపోవడం. దాని ముందు 'గ్రాస్' చేరిందంటే ఇక ఆ తప్పుకు క్షమాపణ లేనట్టే. 'గ్రాస్ నెగ్లిజెన్స్' అని ఆ రెండు మాటలూ జంటగా ఒక కూలిపోయిన వంతెన వార్తలో ఉండేవి. కింది వాక్యంలో, అది కట్టిన ఇంజనీరును పనిలోంచి తీసేశారని ఉంది. ఆ కింది వాక్యం నేను చదివాను. చదవలేదని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు.

నా పన్నెండో ఏట వానాకాలంలో నాయన కొత్త పేపరు అతికించాడు. దాని మీద పీలికలు ఎక్కువ. నా కళ్లు గోడ మీద, చేతులు మగ్గం మీద. కొన్ని వరుసల్లో పోగును మెలేయకుండానే వదిలేసేదాన్ని. తెలిసి చేయలేదు, కానీ రెండు మూడుసార్లు తెలిసిన తర్వాత కూడా, మళ్లీ విప్పాలంటే బద్ధకమై, నాయనకు చెప్పకుండా ఊరుకున్నాను. గంజి బిగువులో ఆ చోటు ఎవరికీ కనపడలేదు. నాయన తన కుడి పక్క చూసుకునేవాడు, ఎడమ పక్క నన్ను నమ్మేవాడు.

దీపావళి దాటాక బెంగుళూరు నుంచి ఆరు చీరలు తిరిగి వచ్చాయి. మొదటి ఉతుకులోనే అంచు విడిపోయిందని అక్కడి వ్యాపారి ఘాటుగా ఉత్తరం రాశాడట. మగ్గం, పట్టు, నూలు అన్నీ ఇచ్చి మాతో నేయించే సావుకారి దానికి ఇంగ్లీషులో జవాబు పంపాలి. రాసిపెట్టే గుమాస్తా పని మానేసి పోయాడు. మా గోడ సంగతి ఎరిగిన సావుకారి నన్ను దుకాణానికి పిలిపించాడు.

జీవితంలో మొదటిసారి ఆ రోజు కుర్చీలో కూర్చున్నాను. కాళ్లు నేలకు అందలేదు. ఒక ప్లేటులో బూందీ, పక్కన కొత్త పెన్ను. ఎదురుగా బల్ల మీద మా ఇంటి చీరలు ఆరు, విడిపోయిన అంచులు బయటికి వేలాడుతూ. చూడగానే అవి నేను మెలేయకుండా వదిలేసిన వరుసలేనని తెలిసింది.

"పేరేం రాయకు పిల్లా. నేసిన మనిషి అని రాయి సాలు" అన్నాడు సావుకారి. "తప్పు దుకాణంది కాదు, నేసినోనిది అని పడాలె. గిప్పుడు ఆ తప్పును ఏమనాలె ఇంగ్లీషుల?"

"రెండు మాటలున్నయి సావుకారీ" అన్నాను.

"ఏది పెడ్తవో నీ ఇష్టం. సదువుకున్నదానివి నువ్వే గద" అని ఆయన బూందీ ప్లేటు నా వైపు జరిపాడు.

చిన్న మాట పెడితే, చూపు తప్పింది ఎవరిది అన్న ప్రశ్న వస్తుందని నాకు అనిపించింది. పెద్ద మాట పెడితే తప్పు నేసిన మనిషి దగ్గర ఆగిపోతుంది, నా దాకా రాదు. భయం ఒక పక్క, నాకు ఎంత పెద్ద మాట వచ్చో చూపించుకోవాలన్న గర్వం ఒక పక్క. వాక్యంలో మా నాయన లేడు, 'నేసిన మనిషి' అనే ఎవరో ఉన్నాడు. గోడ మీది వార్తల్లో మనుషుల్లాగే అతనూ ముక్కూ మొహం లేనివాడు. 'గ్రాస్ నెగ్లిజెన్స్' అని రాశాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

సావుకారి కార్బన్ కాపీ నాకే ఇచ్చాడు. ఇంటికి వచ్చి, మెప్పు కోసం, నాయనకు చదివి వినిపించాను. ఆయన చేతిలో నాడె ఆగిపోయింది. "ఇంకోపారి సదువు" అన్నాడు. మళ్లీ చదివాను. గోడ మీది వంతెన వార్త వైపు చూసి, "మాట కుదిరింది బిడ్డా" అన్నాడు. అంతే. ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే నేశాడు.

పదిహేను రోజులకు జవాబు వచ్చింది. ఆ మనిషి నేసిన బట్ట ఇక మాకు వద్దని. సావుకారి మనుషులు వచ్చి సగం నేసిన పడుగును కోసుకుని, పోగులు దూర్చే అచ్చు ఊడదీసి, అంచు పూలు తీర్చే జాకార్డు పెట్టె దించుకుని తీసుకుపోయారు. ఆ మాట వీధంతా పాకింది, ఇంకో సావుకారి ఎవరూ మగ్గం ఇవ్వలేదు. అవ్వ ఖాళీ గుంట గట్టున కూర్చుని, "ఏం తప్పు చేసినవురా? నీ తాత కాలం సంది ఒక్క చీర ఎనక్కి రాలే. జర నోరిడిచి చెప్పరా" అని కొడుకును అడిగింది. ఆయన, "చెయ్యి తప్పిందమ్మా" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. గుంటలో పడిన తెగిన పోగులు ఏరుతున్నాను.

నాయన కొత్తకోటలో హైవే మీది హోటల్లో రొట్టెలు కాల్చే పనికి కుదిరాడు. పట్టు పోగు తెగితే కంటికి ఆనకుండా ముడివేసే ఆ వేళ్లు బొగ్గుల సెగకు నల్లబడి మొద్దుబారాయి. వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా బెంగుళూరు బస్సుల్లో ఎవరో వదిలేసిన ఇంగ్లీషు పేపరు ఒకటి తెచ్చేవాడు, తినే ముందు కూర్చుని దానికి పీలికలు అంటించేవాడు. నేను జవాబు చెబితే అప్పటిలాగే శబాష్ అనేవాడు. ప్రైవేటుగా పదోతరగతి, ఆ తర్వాత డిగ్రీ కట్టించాడు. ఈ రోజు నేను తినే ముద్ద ఆయన పెట్టిన మాటల వల్లనే. రోజూ పొద్దున స్వామి ముందు దీపం పెట్టి అందుకు దండం పెట్టుకుంటాను. పెట్టుకున్న ప్రతిసారీ, బుద్ధి ఇవ్వకముందే మాటలు ఎందుకిచ్చావు తండ్రీ అని అడుగుతాను. ఛాతీ నొప్పితో కర్నూలు దవాఖానలో పడుకున్న ఆఖరి వారంలో కూడా నాయనకు నిజం చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయన అడగలేదు.

ఈ శ్రావణంలో చెన్నకేశవస్వామి దర్శనానికి గద్వాల వెళ్లాను. గుళ్లో కూర్చుంటే, బతికున్నవాళ్లలో ఒక్కరికైనా ఈ సంగతి చెప్పి తీరాలనిపించి, నేరుగా సావుకారి ఇంటికి నడిచాను. ముసలివాడైపోయాడు, చూపు సరిగా లేదు. ఫలానా వాళ్ల బిడ్డనంటే గుర్తుపట్టి, కూర్చోబెట్టి, చాయ్ తెప్పించాడు. నేను మొత్తం చెప్పాను. ఆ ఆరు చీరల తప్పు మా నాయనది కాదు, నాది అన్నాను.

ఆయన చాయ్ సాసర్లో పోసుకుంటూ, "గది నాకు గప్పుడే తెలుసు గదమ్మా" అన్నాడు. "ఊడింది ఎడమ దిక్కు. కుప్పడం మగ్గానికి ఎడమ దిక్కు ఎవరు కూసుంటరో నాకు తెల్వదా? మీ నాయన గూడ ఆ చీరలు సూడంగనే గుర్తువట్టిండు. దుకాణానికొచ్చి, బిడ్డ పేరు రానియ్యకు సావుకారీ, తప్పు నా మీదనే ఏసుకో అని చెప్పిపోయిండు. నిన్ను పిలిచింది దాని తెల్లారి."

"మరి నాతోనే ఎందుకు రాయించిన్రు?"

"ఇంగ్లీషు నీకే వస్తుండె గదనే" అన్నాడు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. తర్వాత లోపలికి కేక వేసి కోడలిని పిలిచాడు. ఆమె ఫోనులో చీరలు అమ్ముతుందట. "దూరమోళ్లు కొంటరు, జర నాలుగు ముక్కలు ఇంగ్లీషుల రాసియ్యరాదు? చేత్తోని నేసినయని, మంచి మాట సూసి."

కోడలు తెచ్చి ముందు పెట్టిన చీరలు పట్టి చూశాను. మరమగ్గం మీదివి. "చేత్తో నేసినవి కావు గద సావుకారీ, నేను రాయను" అన్నాను.

"ఏందమ్మా, గప్పుడు రాసినవు గద" అన్నాడాయన. కోపంతో అనలేదు, నవ్వుతూ అన్నాడు.

బయటికి వచ్చి మా పాత వీధి దాకా నడిచాను. అరుగులు పోయి ఇంటింటికీ షట్టర్లు వచ్చాయి. పడుగులు పరిచే చోట మోటారు సైకిళ్లు నిలిపారు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క మగ్గం చప్పుడు లేదు. మా ఇల్లున్న చోట మొబైల్ దుకాణం, దాని గోడలకు తెల్లటి టైల్సు.

మా నాయన తన జన్మలో నేసిన చీరలు ఏయే ఊళ్లలో, ఎవరి పెట్టెల్లో ఉన్నాయో తెలియదు. ఒక్కదాని మీద కూడా ఆయన పేరు లేదు. ఆయన పని గురించి కాగితం మీద ఈనాటికి మిగిలిందంటూ ఉంటే అది నా దగ్గరున్న ఆ ఉత్తరం కాపీ ఒక్కటే, అదీ నా దస్తూరీతో.