వేరే పళ్ళెం

మొన్న జొన్నపిండి నానబెట్టి మరిచిపోయాను. మూడో రోజు మూత తీస్తే పొంగి, బుడగలు కట్టి, ముక్కుపుటాలదిరే పులుపు వాసన. పారబొయ్యమని కోడలు అన్నది గాని నాకు మనసొప్పలేదు, ఎందుకంటే ఆ వాసనతోనే ఇరవై ఏళ్ళ కిందటి బీదర్, అక్కడ చౌబారా బురుజు వెనక సందులో మా మామ మడిగె, ఆ చిన్న దుకాణపు గది, కళ్ళముందుకు వచ్చాయి.

ఆ రోజుల్లో అటు తిరిగినవాళ్ళకు ఆ మడిగె గుర్తుండే ఉంటుంది. ఎరిట్రియా అనే దూరదేశం నుంచి చదువుకు వచ్చిన ఒకతని భార్య అందులో నాలుగు పీటలు వేసి చిన్న హోటల్ నడిపేది. నేనప్పుడు అతను చదివే కాలేజీ ఆఫీసులో గుమాస్తాను. పూచీ నాదని చెప్పి మామతో ఆ మడిగె ఇప్పించింది నేనే. ఇంటి నుంచి సాయం ఆగిపోయాక వాళ్ళ తిండీ, అతని చదువూ ఆ పొయ్యి మీదనే ఆధారపడ్డాయి. ఆమె కుశనూర్ దిక్కు జొన్నల పిండిని మూడు రోజులు పులియబెట్టి, చాటంత అట్టు పోసి, పెద్ద పళ్ళెంలో పరిచి, దాని మీద శనగపిండి పులుసూ మేకమాంసం కూరా కుప్పలుగా పెట్టేది. తక్కువలో కడుపు నిండేది. పళ్ళెం చుట్టూ నలుగురైదుగురు కూర్చుని అట్టు తుంపుకుంటూ తినాలి. మొదటి ముద్ద ఎదుటివాళ్ళ నోట్లో పెట్టాలి, అది వాళ్ళ మర్యాద. ఎంగిలి ఎంగిలి అంటూ పెరిగిన నేను మొదటి రోజు ఆ ముద్దను కళ్ళు మూసుకుని మింగాను గాని, నెల తిరిగేసరికి నేనే నోరు తెరిచి కూర్చునేదాన్ని.

సందులోవాళ్ళు ఊరుకుంటారా? పులిసిన కంపు కొడుతోందనీ, ఒకే పళ్ళెంలో ఎవరెవరో ఎంగిలి తింటున్నారనీ మామ చెవిన వేశారు. మామంటే మా అమ్మ తమ్ముడు. తండ్రి లేని నన్ను చదివించినవాడు, మేస్త్రీ పని చేసి రాయి మీద రాయి పేర్చి ఆ మడిగె కట్టుకున్నవాడు. ఎక్కడికి పోయినా తన చెంబు తనే మోసుకుపోయేవాడు, పెళ్ళిళ్ళలో కూడా పరాయి గ్లాసు ముట్టేవాడు కాదు. ఆయనకు ఎంగిలి పట్టింపని ఇంటిల్లిపాదీ అనుకునేవాళ్ళం. "ఐతారం నేనే వస్త బిడ్డా. తిని చూస్త. నా మనసుకు రాకపోతే గా దినమే తాళమేస్త," అన్నాడు.

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. చివరికి ఏదో పెద్ద తెలివి చూపాననుకుని కొత్త స్టీలు పళ్ళెం, గ్లాసు కొనుక్కుపోయి, మామకు వీటిలోనే పెట్టమనీ, ఎవరి ఎంగిలీ తగలకుండా గడప దగ్గర పీట వేయమనీ ఆమెకు చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. తమ దగ్గర పగవాడికి కూడా అలా విడిగా పెట్టరని వచ్చీరాని హిందీలో వాదించింది. మా మనుషుల సంగతి నీకేం తెలుసని గద్దించి నోరు మూయించాను.

ఆదివారం మధ్యాహ్నం మామ వచ్చాడు, చేతిలో ఇత్తడి తాళం. లోపల నలుగురు విద్యార్థులు ఒకే పళ్ళెం చుట్టూ నవ్వుకుంటూ తింటున్నారు. గడప దగ్గర ఒంటరిగా పీట, దాని ముందు ఆ స్టీలు పళ్ళెం, గ్లాసు. మామ వాటినే చూస్తూ నిలబడిపోయాడు.

"గీ పళ్ళెం ఎవలు పెట్టమన్నరు?"

తింటున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి. భాష రాకపోయినా ఆమెకు అర్థమైంది. నా వైపు చూసింది, చూసి తల దించుకుంది, నన్ను మాత్రం పట్టించలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, కాసేపు నేనూ పెదవి విప్పలేదు. నేను ఊరుకుంటే తప్పు ఆమెదవుతుందనీ, తాళం పడుతుందనీ తెలిసే ఊరుకున్నాను. అంతలో మామ చేతిలో తాళం తెరుచుకున్న చప్పుడైంది.

"నేనే పెట్టమన్న మామా," అన్నాను.

మామ తాళాన్ని గుప్పిట్లో బిగించి నా వైపు తిరిగాడు. "చిన్నప్పుడు మన ఊరి చాయ్ హోటల్ల మనకు ఏరే కప్పుండె బిడ్డా. చూరుల చెక్కి ఉండేది. గడప బయట కూసొని తాగి, కడిగి, మళ్ళ చూరుల పెట్టాలె. అందుకే ఇయ్యాల్టిదాంక ఒకరి గ్లాసు ముట్టలే. నువ్వు గూడ నన్ను గడపకాడనే కూసోబెట్టినవా?"

బుద్ధెరిగినప్పటి నుంచి ఆ చెంబు చూస్తున్నాను, అది ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. ఆ చూరు కిందికి నేను పోకుండా నన్ను చదివించినవాడికి నా చేతులారా ఆ కప్పే తెచ్చి పెట్టాను.

ఆమె వచ్చి స్టీలు పళ్ళెం తీసేసింది. మామ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోతే విద్యార్థులు జరిగి చోటిచ్చారు. అట్టు తుంపి, పులుసులో అద్ది, ఆయన నోటి దగ్గర పెట్టింది. మామ పెదవులు బిగించుకునే ఉన్నాడు. ఆమె చెయ్యి దించలేదు, పులుసు మణికట్టు దాకా కారింది. ఆఖరికి మామ నోరు తెరిచాడు. నమిలి, "పులుపెక్కువైంది" అని, తానూ ఒక తుంపు తుంపి పక్కనున్న విద్యార్థి నోట్లో పెట్టాడు. పోయేటప్పుడు తాళం ఆమె చేతికిచ్చి, "ఇగ నువ్వే ఏసుకో, నువ్వే తీసుకో తల్లీ," అన్నాడు.

చదువు ముగిశాక వాళ్ళు వెళ్ళిపోయారు, మామా పోయాడు, ఆ మడిగెలో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఇప్పుడెక్కడ చాయ్ తాగినా అందరికీ కాగితం కప్పులే, తాగి పారేయడమే; ఒక విధంగా మంచిదే అనుకుంటాను. మా ఇంట్లో మాత్రం ఐదుగురికి ఐదు పళ్ళాలు, ఐదు వేళలు.

మొన్న ఆ పులిసిన పిండితో చాటంత అట్టు పోసి, అందరినీ పిలిచి నడుమ పెట్టాను. మనుమరాలు చూసి మూతి ముడిచి, "నాకు ఏరే ప్లేట్ల పెట్టు నానమ్మా," అంది. దానికేం తెలుసు పాపం. లేచి వెళ్ళి పళ్ళెమైతే తెచ్చాను గాని, దాన్ని ఆ పిల్ల ముందు పెట్టడానికి చాలాసేపు నాకు చేతులు రాలేదు.